కుండీలో వేళ్లకే ముందు చలి
పాఠకుల ప్రశ్నలు – జవాబులు: చలిప్రాంతాలలో బాల్కనీ తోట

అక్టోబరు నెల వచ్చేసరికి ఈ శీర్షికకు అందే ఉత్తరాల తీరు మారిపోతుంది. కాకర తీగకు పందిరి ఎలా వేయాలి, గోంగూర ఆకులకు చిల్లులు ఎందుకు పడుతున్నాయి అని వేసవిలో అడిగిన పాఠకులే, తొలి మంచు కబురు వినగానే, బాల్కనీలో ఉన్నవాటిలో వచ్చే వసంతం దాకా మిగిలేవి ఏవని అడుగుతారు. ఈసారి అటువంటి ఉత్తరాలు అమెరికా, కెనడా, స్కాట్లండ్‌ల నుంచి ఒకేసారి చేరడంతో శీర్షిక మొత్తాన్ని చలిని తట్టుకునే మొక్కలకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మేము షికాగో శివారులో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటున్నాము. మాది 6వ జోన్ అని తెలుసుకొని, అంతకంటే చలిని తట్టుకోగలవన్న ధీమాతో, “జోన్ 5” అని చీటీ ఉన్న లావెండరు, బాక్స్‌వుడ్, ఒక గులాబీ కొని పెద్ద కుండీలలోనే పెట్టాము. కింద ఆవరణలో నేలలో ఉన్న బాక్స్‌వుడ్ పొదలు ఏప్రిల్‌లో పచ్చగా నిలిచాయి, మా మూడు మొక్కలూ ఎండిపోయాయి. నర్సరీవారు తప్పు చీటీ అంటించారని అనుకోవాలా?
– ఒక పాఠకురాలు, నేపర్‌విల్, ఇల్లినాయ్

జవాబు: చీటీ సరైనదే. అయితే అందులోని అంకెను నేలలో నాటబోయే మొక్కను దృష్టిలో పెట్టుకొని వేస్తారు కనుక, కుండీలో పెంచేవారు దానిని యథాతథంగా వాడుకోవడం కుదరదు. అమెరికా వ్యవసాయ శాఖవారి పటంలో మొత్తం 13 జోన్లు ఉన్నాయి, అంకె తగ్గే కొద్దీ చలి ఎక్కువ. ఒక ప్రాంతంలో ఏటా నమోదయ్యే అతి తక్కువ ఉష్ణోగ్రతలను ముప్ఫై ఏళ్లకు సగటు కట్టి, ఆ సగటును బట్టి ఆ ప్రాంతం ఏ జోన్‌లో పడుతుందో నిర్ణయిస్తారు. 2023లో వెలువడిన తాజా పటానికి 1991 నుంచి 2020 వరకు గల లెక్కలు ఆధారం. ఆ ప్రకారం 6వ జోన్ అంటే చలికాలంలో అతి చల్లని రాత్రి సగటున మైనస్ 18కీ మైనస్ 23 డిగ్రీల సెల్సియస్‌కీ మధ్యకు దిగే చోటు. సగటుకు లొంగని రాత్రులూ ఉంటాయి. 2019 జనవరి 30న షికాగో ఓహేర్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత దాదాపు మైనస్ 31కి పడిపోయింది, అంటే 5వ జోన్ హద్దు కూడా దాటిపోయింది. లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకున్నదని మన పత్రికలలో ఏటా ఫొటోలు వేస్తారు కదా, ఆ చలి మీ ఊరిలో అక్టోబరు నెలాఖరు ఉదయపు చలితో సమానం.

ఇక అసలు కారణానికి వస్తాను. మొక్క పైభాగమూ వేళ్లూ చలిని ఒకే స్థాయిలో తట్టుకోలేవు. పగటి నిడివి తగ్గుతున్న కొద్దీ కొమ్మలు, మొగ్గలు క్రమంగా గట్టిపడి నిద్రావస్థలోకి వెళతాయి. వేళ్లు అంతగా గట్టిపడవు, ఎందుకంటే నేలలో వాటికి ఆ అవసరం రాదు. పైన గాలి మైనస్ 20 ఉన్నప్పటికీ, ముఖ్యంగా నేల మీద మంచు దుప్పటిలా పరచుకొని ఉన్నప్పుడు, వేళ్ల దగ్గర మట్టి సున్నాకు కొద్ది డిగ్రీలు మాత్రమే దిగువన ఉంటుంది. బాల్కనీలోని కుండీకి ఆ రక్షణ లేదు. అన్ని వైపులా గాలి తగిలే ఆ కాస్త మట్టి ఒకటి రెండు రోజులలోనే బయటి చలితో సమానమైపోతుంది, పై అంతస్తు బాల్కనీకి చూరు ఉంటే దాని మీద కప్పుకోవడానికి మంచు కూడా పడదు. బాక్స్‌వుడ్ లేత వేళ్లు సుమారు మైనస్ 3 డిగ్రీల దగ్గరే దెబ్బతినడం మొదలుపెడతాయి. అదే పొటెంటిల్లా పొద వేళ్లు, తెల్ల స్ప్రూస్ అనే సూదాకు చెట్టు వేళ్లు మైనస్ 20 దాటినా బతికి ఉంటాయి. మీ ఆవరణలోని బాక్స్‌వుడ్, మీ కుండీలోని బాక్స్‌వుడ్ ఒకే జాతివి కావచ్చు గాని, వాటి వేళ్లు గడిపిన చలికాలాలు రెండు వేరు వేరు ఊళ్లవి.

అందువల్ల చలిప్రాంతాలలో కుండీల తోట పెంచేవారు సాధారణంగా ఒక లెక్క పాటిస్తారు: తమ జోన్ అంకెలోంచి రెండు తీసివేసి, మిగిలిన అంకెకు గాని, అంతకంటే తక్కువ అంకెకు గాని సరిపోయే మొక్కను మాత్రమే ఆరుబయట వదిలివేస్తారు. మీరు 6వ జోన్‌లో ఉన్నారు గనుక “జోన్ 4” లేదా అంతకంటే తక్కువ అని రాసి ఉన్న మొక్కను కొనాలి. ఈ లెక్క పూర్తి హామీ కాదు, కాని గత చలికాలంలో మీరు పోగొట్టుకున్న డబ్బులో ఎక్కువ భాగాన్ని ఇది కాపాడి ఉండేది. గులాబీ విషయంలో మరొక అనుమానం కూడా ఉంది. అంటు కట్టిన గులాబీ అయితే అంటు కట్టిన చోటే ముందుగా చలికి చనిపోతుంది, తరువాత కింది నుంచి వచ్చే చిగురు మీరు కొన్న రకానిది కాదు, అంటుకు వాడిన అడవి గులాబీది. సొంత వేళ్ల మీద పెంచిన గులాబీ కావాలని నర్సరీలో అడిగి తీసుకోండి.

మూడో అంతస్తు బాల్కనీకి నేను ముందుగా చెప్పేది నేల మీద పాకే జూనిపెర్. ఇది ఉత్తర అమెరికా స్థానిక మొక్క, 3వ జోన్ దాకా నిలబడుతుంది, గాలిని లెక్కచేయదు, చలికాలంలో దాని ఆకు కొంత ఊదారంగుకు తిరిగితే మొక్క పోయిందని కంగారుపడి నీళ్లు గుమ్మరించకూడదు. మ్యూగో పైన్ కూడా అంతే గట్టిది, పైగా నిదానంగా ఎదుగుతుంది కనుక అదే కుండీలో ఏళ్ల తరబడి ఉంచవచ్చు. ఆకు రాలిపోయినా అందంగా కనబడేది కావాలంటే ఎర్రకొమ్మల డాగ్‌వుడ్ పెట్టండి. జనవరిలో తెల్లటి మంచు ముందు ఆ ఎర్రటి కొమ్మలు కుంకుమ పూసినట్టు ఉంటాయి. పూల కోసమైతే పొటెంటిల్లా, పానికిల్ జాతి హైడ్రేంజియాలలో పొట్టి రకాలు మీకు సరిపోతాయి. హైడ్రేంజియా కొనేటప్పుడు మాత్రం జాతి పేరు తప్పక చూడాలి, ఎందుకంటే పూల దుకాణంలో నీలి బంతుల్లా కనబడే పెద్దాకు హైడ్రేంజియా మీ చలికి మొగ్గలు పోగొట్టుకొని, బతికినా ఆకులకే పరిమితమవుతుంది.

చిన్న కుండీలకు సెడమ్, సెంపర్వైవమ్ అనే దళసరి ఆకుల మొక్కలు ఉన్నాయి. రెండవదానికి చుట్టూ పిలకలు పుట్టడం చూసి అక్కడివారు కోడి, కోడిపిల్లలు అని ముద్దుపేరు పెట్టుకున్నారు. వీటికి చలి భయం లేదు, నిలవనీరే భయం. నీడ ఎక్కువగా ఉండే బాల్కనీ అయితే బెర్జీనియాను ప్రయత్నించండి. సైబీరియా నుంచి వచ్చిన ఈ మొక్క ఆకు రొట్టెలా మందంగా ఉంటుంది, వసంతం మొదట్లోనే గులాబీరంగు పూలు పూస్తుంది. మన ఆయుర్వేదంలో పాషాణభేది అని వాడేది దీనికి హిమాలయాలలో ఉన్న దగ్గరి చుట్టమే.

ప్రశ్న: మినియాపొలిస్‌కు వచ్చి నాలుగేళ్లయింది. దేవుడి పూజకు ఇంట్లో పూసిన పూలు పెట్టాలని కోరిక. మల్లె, మందారం, చామంతి, తులసి నాలుగూ తెచ్చి పెట్టాను, ఒక్కటీ రెండవ ఏడాదికి మిగలలేదు. ఇక్కడి చలికి బయటే ఉండి మళ్లీ మళ్లీ పూసేవి ఏమైనా ఉన్నాయా, లేక ఆ ఆశ వదులుకోవాలా?
– ఎస్. ఎల్., మినియాపొలిస్, మినెసోటా

జవాబు: ఆశ వదులుకోవలసిన పని లేదు, కాని మన మొక్కలను అక్కడ బతికించాలన్న పట్టుదల స్థానంలో, వాటికి చుట్టరికం ఉండి చలిలో పుట్టి పెరిగిన మొక్కలను వెతకాలి. కొత్త పటంలో మీ ఊరు 5వ జోన్‌లోకి వచ్చింది, అంతకుముందు 4లో ఉండేది. కుండీల లెక్క వేసుకుంటే మీకు 3వ జోన్ మొక్కలు కావాలి. అవి మీరు అనుకుంటున్న దానికంటే ఎక్కువే ఉన్నాయి.

మల్లెతో మొదలుపెడదాము. గుండుమల్లె ఉష్ణదేశపు మొక్క, దానిని మీ బాల్కనీలో జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వరకు అతిథిగా ఉంచుకొని తరువాత లోపలికి తీసుకోవలసిందే. శీతాకాలపు మల్లె అని నర్సరీలలో పసుపుపూల తీగ ఒకటి అమ్ముతారు. దానికి పేరే గాని వాసన లేదు, పైగా మీ చలికి అది చాలదు. దానికి బదులు లైలాక్‌ను చూడండి. వృక్షశాస్త్రం ప్రకారం మల్లె, పారిజాతం, లైలాక్ మూడూ ఒకే కుటుంబానికి చెందినవి, కాబట్టి మే నెలాఖరులో ఆ పూలు విచ్చుకున్న రోజు బాల్కనీ తలుపు తెరవగానే వచ్చే వాసన మీకు పూర్తిగా పరాయిదిగా అనిపించదు. మామూలు లైలాక్ చెట్టంత ఎదుగుతుంది కనుక “మిస్ కిమ్” అనే కొరియా రకాన్ని గాని “పాలిబిన్” అనే పొట్టి రకాన్ని గాని తీసుకోండి. రెండూ 3వ జోన్‌వి. రోజుకు ఆరు గంటల ఎండ లేకపోతే పూయవు, పూత అయిన వెంటనే తప్ప మరెప్పుడూ కత్తిరించకూడదు, ఎందుకంటే వచ్చే ఏటి మొగ్గలు ఆ వేసవిలోనే కట్టుకుంటాయి.

తెల్లటి పూలే కావాలంటే మాక్ ఆరెంజ్ అనే పొద ఉంది. దీనికి మల్లెతో చుట్టరికం లేదు, హైడ్రేంజియా కుటుంబానిది, కాని జూన్‌లో పూసే ఆ తెల్లటి పూలను పళ్లెంలో పోసి పెడితే నారింజపూతను తలపించే తీయటి వాసన గదంతా నిండుతుంది. రకాలన్నీ ఒకే తీరుగా చలిని ఓర్చుకోవు. కెనడాలో ఆదరణ పొందిన “బ్లిజార్డ్” అనే పొట్టి రకం 3వ జోన్‌కు సరిపోతుంది. పేరులోనే మంచుతుఫాను ఉన్న మొక్క మీ ఊరికి తగినదే.

మందారానికి అక్కడి చుట్టం స్వాంప్ హైబిస్కస్. తూర్పు అమెరికా చిత్తడి నేలలలో సహజంగా పెరుగుతుంది, పువ్వు భోజనపు పళ్లెమంత ఉంటుంది, చలికాలంలో పైభాగమంతా చచ్చిపోయి మొదలు నుంచి మళ్లీ లేస్తుంది. ఇది నేలలో 4 లేదా 5వ జోన్ వరకే నిలుస్తుంది గనుక మీ బాల్కనీలో కుండీని అలాగే వదిలేస్తే పోతుంది. వేడి పెట్టని గరాజు గాని, మెట్ల కింది గది గాని మీకు అందుబాటులో ఉంటేనే దీని జోలికి వెళ్లండి. చిగురు చాలా ఆలస్యంగా, ఒక్కోసారి జూన్‌లో వస్తుంది, అంతవరకు ఓపిక పట్టాలి.

చామంతి విషయంలో మీరు ఉన్న ఊరే మీకు అదృష్టం. మినెసోటా విశ్వవిద్యాలయంలో చలిని తట్టుకునే తోట చామంతులను దశాబ్దాలుగా అభివృద్ధి చేస్తున్నారు, “మామత్” అనే వరుస అక్కడి నుంచే వచ్చింది. మీరు పోగొట్టుకున్న చామంతి బహుశా సెప్టెంబరులో నిండా మొగ్గలతో కొని తెచ్చినది అయి ఉంటుంది. అటువంటి మొక్క తన శక్తినంతా పూలకే పెట్టి, వేళ్లు పట్టుకోకముందే చలికి చిక్కుతుంది. మే నెలలో చిన్న మొక్కగా కొని, జూలై మొదటి వరకు కొసలు తుంచుతూ గుబురుగా పెంచి, పూలు అయిపోయాక ఎండిన కాడలను కత్తిరించకుండా అలాగే ఉంచి, కుండీకి రక్షణ కట్టండి. ఆ కాడలే మొదలుకు కప్పు.

గులాబీకి కెనడావారికి కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ఫెలిసిటాస్ స్వేదా అనే శాస్త్రవేత్త ఒట్టావాలోని ప్రభుత్వ ప్రయోగక్షేత్రంలో ఏళ్ల తరబడి శ్రమించి, చలికి కప్పకపోయినా బతికే గులాబీల వరుసను సృష్టించారు. దేశాన్వేషకుల పేర్లు పెట్టిన ఆ ఎక్స్‌ప్లోరర్ గులాబీలలో “హెన్రీ హడ్సన్” పొట్టిగా, తెల్లగా, సువాసనతో పూస్తుంది. “విలియం బాఫిన్” తీగ మాత్రం బాల్కనీకి వద్దు, ఇంటి కప్పు దాకా పోతుంది. కొంచెం పెద్ద కుండీ, మూడేళ్ల ఓపిక ఉంటే పియొనీ కూడా పెట్టవచ్చు. అది చలి లేకపోతే పూయనే పూయదు, కాబట్టి హైదరాబాదులో ఎంత డబ్బు పెట్టినా పూయించడం కష్టమైన పువ్వు మీ బాల్కనీలో ఊరికే పూస్తుంది. దుంప మీది మొగ్గలు మట్టికి రెండు అంగుళాల కంటే లోతుకు పోకుండా నాటడం ఒక్కటే అందులో కిటుకు.

తులసి బయట ఉండలేదు. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగకముందే లోపలికి తేవాలి, అంటే మీ ఊరిలో కార్తికమాసానికి చాలా ముందే కిటికీ పక్కకు చేరాలి. బంతి, గునుగు వంటివి ఒక్క వేసవి మొక్కలే గనుక వాటికి చలి లెక్కే అక్కరలేదు. జూన్ మొదట్లో విత్తితే బతుకమ్మ నాటికి పూస్తాయి, ఆ తరువాత మంచు వాటిని తీసుకుపోతే పోనివ్వండి.

ప్రశ్న: కుండీలలో పూలకంటే కూరకే మా ఇంట్లో విలువ. ఏటా మళ్లీ నాటే పని లేకుండా, టొరంటో చలిలో బయటే ఉండి వసంతంలో తిరిగి వచ్చే ఆకుకూరలు ఉన్నాయా? కరివేపాకును బయట ఉంచే ఉపాయం ఏదైనా చెప్పగలరా?
– ఒక పాఠకుడు, బ్రాంప్టన్, ఒంటారియో

జవాబు: రెండవ ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే, “లేదు”. కరివేప అక్టోబరు నుంచి మే వరకు లోపలే ఉండాలి.

మొదటి ప్రశ్నకు మంచి జవాబే ఉంది. మన చుక్కకూర ఒక్క కాలానికే పరిమితమైన మొక్క, కాని దాని ప్రజాతికే చెందిన గార్డెన్ సారెల్ బహువార్షికం. ఐరోపాలో పచ్చిక బయళ్లలో పెరిగే ఈ మొక్క తీవ్రమైన చలికి పైన వాడిపోయి, మంచు కరగగానే అందరికంటే ముందు ఆకు వేస్తుంది. పులుపులో చుక్కకూరకు తీసిపోదు, పప్పులో వేస్తే తేడా చెప్పడం కష్టం. పూకాడ కనబడగానే తుంచేస్తూ ఉంటే ఆకు లేతగా ఉంటుంది. మూత్రపిండాలలో రాళ్ల బాధ ఉన్నవారు చుక్కకూర విషయంలో పాటించే జాగ్రత్తే దీని విషయంలోనూ పాటించాలి.

పులుపు కోసమే మరొకటి రూబార్బ్. గోంగూర దొరకని కాలంలో దీని కాడలతో పప్పు, పచ్చడి చేసుకునే తెలుగు ఇళ్లు ఉత్తర అమెరికాలో చాలా ఉన్నాయి. కాడ మాత్రమే తినాలి, ఆకు విషం, ఈ మాట ఇంట్లో వంట చేసే ప్రతివారికీ చెప్పి ఉంచండి. దీనికి కనీసం 50 లీటర్ల కుండీ కావాలి, మొదటి ఏడాది ఒక్క కాడ కూడా కోయకూడదు. చైవ్స్, వెల్లుల్లి వాసన వచ్చే చైనా చైవ్స్ రెండూ ఉల్లికాడలకు బదులు పనికివస్తాయి, కుండీలో ఎంత చలికైనా మొండిగా తిరిగి వస్తాయి. పుదీనా సాధారణంగా తిరిగి వస్తుంది గాని చిన్న కుండీలో ఉంటే ఒక్కో ఏడాది చలికి చచ్చిపోతుంది, అందుకని ఒక కొమ్మను గ్లాసు నీళ్లలో వేళ్లు పట్టించి వంటింటి కిటికీలో ఉంచుకోవడం మేలు. అక్టోబరులో గట్టికాడ రకం వెల్లుల్లి రెబ్బలు లోతైన కుండీలో నాటితే, చలిలో నిద్రపోయి, జూన్‌లో వంపు తిరిగిన పూకాడలు ఇస్తాయి. వాటిని వేయించి పచ్చడి నూరవచ్చు, గడ్డలు జూలైలో తీయవచ్చు.

మరొక్క సూచన. కెనడాకు సొంత జోన్ పటం ఉంది. అందులో ఉష్ణోగ్రతతో పాటు మంచులేని రోజులు, గాలి వంటి అంశాలూ కలిపి లెక్కిస్తారు గనుక, ఒకే ఊరికి అమెరికా పటంలో ఒక అంకె, కెనడా పటంలో తరచుగా దానికంటే పెద్ద అంకె ఉంటాయి. చీటీ మీద ఉన్నది ఏ దేశపు లెక్కో చూసుకున్నాకే రెండు తీసివేయండి. గంగవాయిలి కూర గురించి మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను: మీ కుండీలలో వేసవిలో దానంతట అదే మొలిచే ఆ పాకుడు మొక్కను అక్కడివారు కలుపు అని పీకి పారేస్తారు, మీరు సరిగ్గా గుర్తుపట్టి పప్పులో వేసుకోండి.

ప్రశ్న: చలికాలంలో కుండీలను లోపలికి తేవాలా, బయటే చుట్టబెట్టాలా? మంచు కురుస్తుంటే నీళ్లు పోయడం ఎందుకని మానేస్తాము, అది సరైనదేనా?
– పలువురు పాఠకులు

జవాబు: చలిని తట్టుకునే మొక్కను వెచ్చటి హాలులోకి తేవడం మేలుచేయదు. ఈ మొక్కలలో చాలావాటికి కొన్ని వారాల చలి పడితేనే వసంతంలో మొగ్గ విడుతుంది. హీటరు గాలిలో అవి నిద్రపట్టక, జనవరిలో పాలిపోయిన చిగురు వేసి, చివరికి నీరసించిపోతాయి. వేడి పెట్టని గరాజు ఉన్నవారు అక్కడ ఉంచవచ్చు. ఆ వసతి లేని అపార్ట్‌మెంటువారు కుండీలన్నిటినీ ఇంటి గోడ వైపుకు చేర్చి, ఒకదానికొకటి తగిలేలా గుంపుగా పెట్టి, అన్నిటికంటే బలహీనమైనదానిని మధ్యలో ఉంచి, గుంపు చుట్టూ గోనెపట్టాతో గాని బుడగల ప్లాస్టిక్ పట్టాతో గాని కట్టాలి. కుండీల కింద నేరుగా సిమెంటు తగలకుండా థర్మకోల్ పలక వేయాలి. మొక్క తలను ప్లాస్టిక్‌తో మూసివేయకూడదు, మనం కాపాడదలచినది వేళ్లను. చాలామంది ఆకును చుట్టి కుండీని వదిలేస్తారు, నేను కూడా మొదటి ఏడాది అదే చేసి ఒక జపాన్ మేపుల్‌ను పోగొట్టుకున్నాను.

ఈ పని తొందరపడి అక్టోబరులోనే చేయకండి. మొక్క చలికి అలవాటుపడి ఆకు రాల్చిన తరువాత, మట్టి గడ్డకట్టడం మొదలైనప్పుడు కట్టాలి. వేళ్లను చంపేది కేవలం చలి కాదు, పగలు కరిగి రాత్రి గడ్డకట్టే మార్పు. దక్షిణపు ఎండ పడే బాల్కనీలో ఫిబ్రవరిలో అది మరీ ఎక్కువ. గడ్డకట్టిన మట్టిని నిలకడగా గడ్డకట్టే ఉండనివ్వడమే ఈ చుట్టుడు ఉద్దేశం.

నీళ్ల సంగతి: సతతహరిత మొక్కలు చలికాలంలో కూడా ఆకు నుంచి తేమను కోల్పోతాయి, మట్టి గడ్డకట్టి ఉంటే వేళ్లు దానిని భర్తీ చేయలేవు. మార్చిలో గోధుమరంగుకు తిరిగిన స్ప్రూస్‌లలో ఎన్నో చలికి చచ్చినవి కావు, దాహంతో చచ్చినవి. కాబట్టి గడ్డకట్టకముందు ఒకసారి నిండుగా పోయండి, తరువాత ఉష్ణోగ్రత 4 డిగ్రీలు దాటి మట్టి కరిగిన రోజున వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటే కొద్దిగా పోయండి. బాల్కనీ రెయిలింగు మీద పడిన శుభ్రమైన మంచును తీసి కుండీల మీద పోయడం ఇంకా సులువు. అది కప్పుగానూ ఉంటుంది, కరిగినప్పుడు నీరుగానూ ఇంకుతుంది. ఉప్పు చల్లిన చోటి మంచును మాత్రం తేవద్దు.

మట్టికుండీలు మనకు ఇష్టమే గాని అక్కడ నిలవవు. కుండీ గోడలో ఇంకిన నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది, దానితో కుండీ పొరలు పొరలుగా పగిలిపోతుంది. మందపాటి ప్లాస్టిక్, ఫైబర్‌గ్లాస్, దేవదారు చెక్క, గుడ్డ సంచి, వీటిలో ఏదైనా సరే. వెడల్పు ఒకటిన్నర అడుగులకు తగ్గకుండా చూసుకోండి.

ప్రశ్న: ఎడిన్‌బరోలో మాకు మైనస్ 10 కూడా అరుదు. అయినా అమెరికా జాబితాలలో మహా గట్టివని చెప్పిన సెడమ్‌లు, లావెండర్లు మా బాల్కనీలో కుళ్లిపోతున్నాయి.
– ఒక పాఠకురాలు, స్కాట్లండ్

జవాబు: మీ శత్రువు తడి. అమెరికా మధ్యభాగపు చలి పొడిగా ఉంటుంది, మీది నెలల తరబడి నానుతూ ఉంటుంది. పాటింగ్ మిక్స్‌లో (కుండీల కోసం అమ్మే తేలికపాటి మట్టి మిశ్రమం) మూడవ వంతు గరుకు ఇసుకరాళ్లు కలిపి, కుండీ కింద మూడు చిన్న కాళ్లు పెట్టి పైకి లేపి, పళ్లాలన్నీ అక్టోబరులోనే తీసివేయండి. మీ దేశంలో రాయల్ హార్టికల్చరల్ సొసైటీవారి లెక్క వేరే ఉంది. అందులో అంకె పెరిగే కొద్దీ మొక్క గట్టిది: హెచ్4 అంటే మైనస్ 10 వరకు, హెచ్5 అంటే మైనస్ 15 వరకు, హెచ్7 అంటే మైనస్ 20కి దిగువన కూడా. అమెరికా లెక్కలో అంకె తగ్గే కొద్దీ గట్టిది. రెండిటినీ కలగాపులగం చేస్తే సరిగ్గా విరుద్ధమైన మొక్క ఇంటికి వస్తుంది. మీకు నా సలహా, కొండలలో తనంత తానే పెరిగే మీ హెదర్‌నే ఆమ్లగుణం గల కంపోస్టులో పెట్టండి, వానకు దానిని మించి అలవాటుపడిన పూలపొద మీకు దొరకదు.

ప్రశ్న: బాల్కనీ ఎంత బరువు మోస్తుంది?
– ఒక పాఠకుడు, షామ్‌బర్గ్, ఇల్లినాయ్

జవాబు: అది కట్టడాన్ని బట్టి మారుతుంది, మీ భవన నిర్వాహకులను రాతపూర్వకంగా అడగండి. అడిగే ముందు మీ లెక్క మీ దగ్గర ఉండాలి. తడిసిన పాటింగ్ మిక్స్ లీటరుకు దాదాపు కిలో తూగుతుంది, తోట మట్టి అయితే అంతకు చాలా ఎక్కువ. 60 లీటర్ల కుండీలు పది పెడితే ఆరు వందల కిలోలు, దాని మీద మంచు బరువు అదనం. పెద్ద కుండీలను రెయిలింగు వైపు కాక గోడ వైపు ఉంచండి, చలి విషయంలోనూ అదే మంచి చోటు. రెయిలింగు బయటి వైపుకు ఏదీ వేలాడదీయవద్దు.

ప్రశ్న: వసంతంలో మొక్క చచ్చిందో బతికిందో ఎప్పుడు తేల్చుకోవాలి?
– టి. కె., మాడిసన్, విస్కాన్సిన్

జవాబు: మే నెల మధ్య వరకు ఏదీ పారేయవద్దు. పొదలైతే కొమ్మ మీద వేలిగోటితో చిన్నగా గీకి చూడండి. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే, గోధుమరంగులో పొడిగా ఉంటే మరికాస్త కిందికి వెళ్లి మళ్లీ గీకండి, పచ్చదనం కనబడిన చోటుకు కాస్త పైన కత్తిరించండి. మొదలు దాకా ఎక్కడా పచ్చదనం లేకపోతే కుండీని వంచి మట్టిగడ్డను బయటికి జార్చి వేళ్లు చూడండి. తెల్లగా, గట్టిగా ఉన్నవి బతికినవి, నల్లబడి చేతిలో తొక్క ఊడి వచ్చేవి పోయినవి. నేల నుంచి లేచే పియొనీ, హోస్టా వంటివి మే నెలలో ముక్కులు బయట పెడతాయి. స్వాంప్ హైబిస్కస్ కుండీని మాత్రం జూన్ నెలాఖరు దాకా ఒక మూల ఉంచి, మట్టిని కొద్దిపాటి తడిగా ఉండనివ్వండి.